బ్రేకు పెడల్ మెత్తబడినా, కిందికి దిగిపోతున్నా: లోపం ఎక్కడుందో వరుసగా పట్టుకునే పద్ధతి

"బ్రేకు పైపుల్లో చేరిన గాలి తీయించానండీ, పది రోజులు బాగుంది, మళ్లీ పెడల్ మెత్తబడింది. ఇప్పుడేం చేయాలి?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. అమలాపురం వైపు నుంచీ అదే ప్రశ్న, భీమవరం వైపు నుంచీ అదే ప్రశ్న. అందుకే మొత్తం వరుసగా రాస్తున్నాను.

బ్రేకు లైను, అంటే పెడల్ నుంచి చక్రాల దాకా ఆయిల్ నిండిన పైపులు, అన్ని వైపులా మూసి ఉంటుంది. అందులోకి గాలి ఊరికే రాదు. ఎక్కడో ఆయిల్ బయటికి పోతేనో, ఆయిల్ డబ్బా ఖాళీ అయితేనో, ఎవరైనా పైపు విప్పి సరిగా బిగించకపోతేనో వస్తుంది. అది చూడకుండా గాలి మాత్రం తీసేస్తే డబ్బులు పోతాయి, ప్రమాదం మాత్రం అక్కడే ఉంటుంది. పైగా, పెడల్ దిగిపోయే బళ్లలో చాలావాటికి గాలితో సంబంధమే ఉండదు.

ముందు కాలితో చూడాలి, తర్వాత కళ్లతో చూడాలి. స్పానర్ పట్టుకోవడం ఆ తర్వాతే.

1. బండి కదపొచ్చా?

ఈ మూడింట్లో ఏది కనిపించినా బండి రోడ్డెక్కకూడదు:

- పెడల్ ఫ్లోరుకి ఆనుతోంది
- తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా దిగిపోతోంది
- చక్రం లోపలి వైపు గానీ, బండి కింద గానీ ఆయిల్ తడి ఉంది

షెడ్డు రెండు కిలోమీటర్లే కదా అని బయల్దేరకండి. మన దగ్గర ఆ రెండు కిలోమీటర్లు చాలావరకు కాలవ గట్టు మీదే ఉంటాయి. పక్కన గోడ ఉండదు. ఎదురుగా ధాన్యం ట్రాక్టరో రొయ్యల వ్యానో వస్తే తప్పించుకోవడానికి జానెడు జాగా దొరకదు. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి, లేదా బండిని వేరే వాహనం మీదికి ఎక్కించి పంపండి. తాడు కట్టి లాగించడం అసలు వద్దు. వెనక బండికి బ్రేకు లేకపోతే ముందు బండిని గుద్దేస్తుంది.

నడుస్తుండగానే పెడల్ దిగిపోతే:

- పెడల్‌ని వెంటవెంటనే తొక్కి వదులుతూనే ఉండండి.
- యాక్సిలరేటర్ వదిలేసి, గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి.
- హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కి పట్టుకుని కొంచెం కొంచెంగా లాగండి. ఒక్కసారి గుంజితే వెనక చక్రాలు పట్టేసి బండి జారుతుంది.
- ఇంజన్ ఆపకండి. ఆపితే బూస్టర్ (కాలి బలాన్ని పెంచే భాగం) సాయం, స్టీరింగ్ సాయం రెండూ పోతాయి.
- హారన్, నాలుగు ఇండికేటర్లు వేసి రోడ్డు పక్కకి తీసుకోండి.

ఇప్పటి కార్లలో బ్రేకు లైను రెండు భాగాలుగా ఉంటుంది. చాలా చిన్న కార్లలో ముందు ఒక చక్రానికీ దానికి ఎదురు మూలనున్న వెనక చక్రానికీ కలిపి ఒక భాగం. ఒక భాగం పూర్తిగా లీకైపోయినా రెండోది పనిచేస్తుంది. కాకపోతే పెడల్ బాగా కిందికి వెళ్లాక గానీ పట్టదు, బండి ఓ పక్కకి లాగుతుంది. అందుకే పెడల్ దిగిపోయిందని కాలు తీసేయకూడదు.

2. పెడల్ ఎలా ఉందో సరిగ్గా చెప్పుకోండి

"బ్రేకు బాగాలేదు" అంటే మెకానిక్‌కి ఏమీ తెలియదు. అందరూ ఒకే మాటతో చెప్పే ఫిర్యాదులో నాలుగు వేర్వేరు లోపాలు ఉంటాయి. మీది ఏదో ముందు తేల్చుకోండి.

మెత్తగా, స్పాంజిలా ఉంది. తొక్కితే దిగుతుంది, కాలికి ఎదురొచ్చే గట్టిదనం ఉండదు. రెండు మూడుసార్లు గబగబా తొక్కితే పైకొస్తుంది. ఇక్కడ గాలినే మొదట అనుమానించాలి. ఉబ్బిపోయే పాత రబ్బరు పైపు వల్ల గానీ, పట్టేసిన కాలిపర్ (చక్రంతో తిరిగే డిస్కుని ప్యాడ్లతో నొక్కే భాగం) పిన్నుల వల్ల గానీ ఇలాగే అవుతుంది.

తొక్కి పట్టుకుంటే నెమ్మదిగా దిగిపోతుంది. మొదట గట్టిగానే తగులుతుంది. సిగ్నల్ దగ్గర కాలు అలాగే ఉంచితే కొంచెం కొంచెంగా జారుతుంది. ఇది రెండిట్లో ఒకటి: బయటికి లీకు, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని పైపుల్లోకి నెట్టే భాగం) లోపలి రబ్బరు అరగడం.

లోతుకి వెళ్లాక గట్టిగా పడుతుంది. రెండో తొక్కుకి పైనే దొరుకుతుంది. ఇక్కడ ఆయిల్ వైపు లోపం లేకపోవచ్చు. వెనక డ్రమ్ముల్లో (చక్రంతో తిరిగే గిన్నెల్లాంటివి) షూలకీ (లోపలి నుంచి డ్రమ్ముకి ఆనే పట్టీలు) డ్రమ్ముకీ మధ్య సందు పెరిగి ఉంటుంది.

వేడెక్కితేనే మెత్తబడుతుంది. చల్లారాక మళ్లీ మామూలే. నీరు పట్టిన పాత ఆయిల్ పని ఇది.

పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోవడం వేరే జబ్బు. అది బూస్టర్ వైపో, తడిసిన షూల వైపో చూడాలి. వరద నీళ్లలోంచి బండి తెచ్చాక బ్రేకు పట్టకపోయినా పెడల్ గట్టిగానే ఉంటే, నీళ్లలోంచి బయటపడ్డాక నెమ్మదిగా నడుపుతూ, పెడల్ మీద తేలిగ్గా కాలు ఆనించి కొంతదూరం వెళ్లండి. షూలు ఆరాక పట్టు తిరిగొస్తుంది.

సెల్ఫ్ కొట్టి ఇంజన్ స్టార్ట్ అవగానే కాలి కింద పెడల్ కొంచెం దిగుతుంది. అది లోపం కాదు. బూస్టర్ బాగుందన్న గుర్తు.

3. దగ్గర పెట్టుకోవాల్సినవి

- బండి మాన్యువల్. ఏ ఆయిల్ పోయాలో, ఏ చక్రం నుంచి గాలి తీయాలో అందులో ఉంటుంది
- సీలు తీయని బ్రేక్ ఆయిల్. పూర్తిగా మార్చాలంటే ఒక లీటరు చాలు
- నిప్పల్‌కి (గాలి తీయడానికి వదులు చేసే, చక్రం దగ్గరి చిన్న స్క్రూ) సరిపోయే రింగు స్పానర్. 8 గానీ 10 గానీ మిల్లీమీటర్లు ఉంటుంది, ముందే కొలిచి చూసుకోండి
- నిప్పల్ మీద బిగుతుగా కూర్చునే పారదర్శకమైన సన్న ప్లాస్టిక్ ట్యూబు, ఒక సీసా
- జాకీ, రెండు స్టాండ్లు, చక్రాలకి అడ్డం పెట్టే దిమ్మలు
- టార్చిలైటు, తెల్లటి పాత గుడ్డలు, బ్రేక్ క్లీనర్
- కళ్లద్దాలు, చేతి తొడుగులు, ఒక బకెట్టు నీళ్లు
- పెడల్ తొక్కడానికి, చెప్పింది చెప్పినట్టు చేసే ఒక మనిషి

నీళ్లు ఎందుకంటే బ్రేక్ ఆయిల్ పెయింటుని తినేస్తుంది. చుక్క పడితే తుడవడం కంటే ముందు నీళ్లు పోసి కడగాలి.

జాకీ విషయంలో మన నేలకి ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి. ఒండ్రు మట్టి మీద, అందులోనూ వానాకాలంలో, జాకీ పైకి లేచినట్టే లేచి కింద నేల కుంగుతుంది. కొబ్బరితోటలోనో పెరట్లోనో ఈ పని పెట్టుకోకండి. సిమెంటు కళ్లమో, పోర్టికోయో చూసుకోండి. అదీ లేకపోతే జాకీ కింద, స్టాండ్ల కింద మందపాటి పలక వేయండి. ఎంత పలక వేసినా ఒక్క జాకీ మీదే నిలబెట్టిన బండి కిందికి తల పెట్టకూడదు.

4. బానెట్ ఎత్తి ఆయిల్ చూడండి

బ్రేక్ ఆయిల్ డబ్బా మన కార్లలో సాధారణంగా డ్రైవర్ వైపు, వెనక గోడకి ఆనుకుని ఉంటుంది. మూత తీసే ముందు చుట్టూ దుమ్ము తుడవండి.

లెవెల్ రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే రెండే కారణాలు: ప్యాడ్లు అరిగాయి, లేదా ఎక్కడో లీకు ఉంది. ప్యాడ్లు అరిగే కొద్దీ కాలిపర్ పిస్టన్లు ముందుకొస్తాయి, ఆ జాగాలోకి ఆయిల్ వెళ్తుంది కాబట్టి లెవెల్ నెలల తరబడి మెల్లిగా తగ్గుతుంది. వారంలోనే తగ్గితే అది లీకే. కారణం తెలుసుకోకుండా పోసి నింపేయడం చాలామంది చేసే పొరపాటు. నింపేశాక హెచ్చరిక దీపం ఆరిపోతుంది, లీకు మాత్రం ఆగదు. ముందు ఇప్పటి లెవెల్ దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీయండి, ఈ రోజు పరీక్షలకి అదే కొలత.

రంగు కూడా చూడండి. కొత్తది లేత పసుపుగా ఉంటుంది. టీ డికాషన్ రంగులో ఉంటే మార్చే టైము దాటిపోయింది.

మూత లోపలి రబ్బరు ఉబ్బి, వంకర తిరిగి ఉంటే ఆగిపోండి. ఎవరో పొరపాటున ఇంజన్ ఆయిలో, పవర్ స్టీరింగ్ ఆయిలో పోశారన్న మాట. అలాంటి ఆయిల్ తగిలితే బ్రేకులోని ప్రతి రబ్బరూ ఉబ్బుతుంది. అప్పుడు గాలి తీయడంతో పని జరగదు. రబ్బరు భాగాలన్నీ మార్చి, పైపులు కడిగించాల్సిందే.

చాలా కార్లలో క్లచ్‌కి కూడా ఆయిల్ ఈ డబ్బా నుంచే వెళ్తుంది. లెవెల్ తగ్గుతోంది, చక్రాల దగ్గర తడి లేదు, క్లచ్ పెడల్ కూడా తేడాగా ఉంది అంటే ముందు క్లచ్ వైపు చూడండి.

5. సీట్లో కూర్చునే చేసే పరీక్షలు

బండి చదునైన చోట ఉండాలి, చక్రాలకి అడ్డం పెట్టాలి, గేరు న్యూట్రల్‌లో ఉండాలి.

మొదటిది, ఇంజన్ ఆపి. పెడల్‌ని ఐదారుసార్లు తొక్కి బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ పోగొట్టండి. పెడల్ గట్టిపడుతుంది. ఇప్పుడు మామూలు బలంతో తొక్కి ఒక నిమిషం పట్టుకోండి. కదలకుండా ఉండాలి.

రెండోది, తేలిగ్గా తొక్కి. దీన్ని చాలామంది చేయరు, కానీ మాస్టర్ సిలిండర్ దొంగతనం ఇక్కడే బయటపడుతుంది. ఇంజన్ నడుస్తుండగా, బండిని మెల్లిగా ఆపడానికి తొక్కినంత తేలిగ్గా తొక్కి పట్టుకోండి. గట్టిగా తొక్కితే లోపలి రబ్బరు ఒత్తిడికి విచ్చుకుని గోడకి అతుక్కుపోతుంది, లోపం దాగిపోతుంది. తేలిగ్గా తొక్కినప్పుడు పక్కల నుంచి ఆయిల్ జారిపోతుంది. ముప్పై సెకన్లలో పెడల్ కిందికి నడుస్తూ పోతే లోపం ఖాయం. ఇంజన్ నడుస్తుండగా బలంగా తొక్కితే చివర్లో కొంచెం సర్దుకోవడం చాలా బళ్లలో మామూలే, దాన్ని దీనితో కలపకండి.

మూడోది, హ్యాండ్ బ్రేకు లాగి. హ్యాండ్ బ్రేకు పూర్తిగా లాగి పెడల్ తొక్కండి. లాగకముందు కంటే పెడల్ బాగా పైనే దొరికితే వెనక షూల సందు పెరిగిందని అర్థం. వెనక డ్రమ్ములున్న కార్లకి ఇది ఖర్చు లేని, నమ్మకమైన పరీక్ష.

నాలుగోది, పంపింగ్. వరసగా మూడుసార్లు తొక్కండి. ప్రతి తొక్కుకీ ఎత్తు పెరిగి, స్పాంజితనం తగ్గితే గాలి. మొదటి తొక్కు తర్వాత పైకొచ్చి అక్కడే గట్టిగా నిలిస్తే షూల సందు. పైకొచ్చాక పట్టుకుంటే మళ్లీ దిగిపోతే లీకు, లేదా మాస్టర్ సిలిండర్.

ఇవి చేశాక గీసిన గీత దగ్గర లెవెల్ మళ్లీ చూడండి. తగ్గితే 6వ మెట్టుకి, తగ్గకుండా పెడల్ దిగుతుంటే 6 తొందరగా చూసుకుని 7కి వెళ్లండి.

6. లీకు వెతకడం

ఒక మనిషి పెడల్ తొక్కి పట్టుకోవాలి, మీరు టార్చి పట్టుకుని తిరగాలి. డబ్బా దగ్గర మొదలుపెట్టి చక్రాల దాకా వెళ్లండి.

మాస్టర్ సిలిండర్, బూస్టర్ కలిసే చోటు. ఇక్కడి లీకు కింద చుక్క పడనివ్వదు, ఆయిల్ బూస్టర్ లోపలికి పోతుంది. అందుకే "తడి ఎక్కడా లేదు, ఆయిల్ మాత్రం తగ్గుతోంది" అనే బండికి ముందు ఇక్కడే చూడాలి. మాస్టర్ సిలిండర్ కింద బూస్టర్ నల్ల పెయింటు పొక్కులొచ్చి ఊడుతోందా? తెల్ల గుడ్డని ఆ అతుకు కిందికి దూర్చి తీయండి. తడి అంటితే వెనక సీలు పోయింది.

పైపులు, అతుకులు. బండి కింద ఇనుప పైపుల్ని క్లిప్పులు పట్టుకున్న చోట చూడండి. క్లిప్పు కింద ఉప్పు, మట్టి, తేమ నిలిచి, క్లిప్పు కప్పిన వైపు నుంచి పైపుని తుప్పు తింటుంది. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు సముద్రపు గాలికి తిరిగే బళ్లకీ, ఉప్పునీటి రొయ్యల చెరువుల మధ్య రోజూ తిరిగే బళ్లకీ ఇది ముఖ్యం. పైపు మీద తుప్పు పొలుసులుగా లేస్తుంటే ఇంకా కారకపోయినా మార్చేయండి.

రబ్బరు పైపులు. ముందు చక్రాల్ని పూర్తిగా ఒక పక్కకి తిప్పి, పైపుని వంచి చూడండి. పగుళ్లు కనిపిస్తే మార్చాలి. తర్వాత పైపుని వేళ్ల మధ్య పట్టుకుని, సాయం చేసే మనిషిని తొక్కమనండి. వేళ్ల మధ్య పైపు లావెక్కుతున్నట్టు తెలిస్తే మెత్తదనం అక్కడి నుంచే వస్తోంది.

ముందు కాలిపర్లు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు తొడుగు తడిగా ఉందా, చక్రం లోపలి అంచున జిడ్డు గీతలు ఉన్నాయా చూడండి.

వెనక డ్రమ్ములు. ఎక్కువ లీకులు దాగేది ఇక్కడే. చక్రం తీసి, హ్యాండ్ బ్రేకు వదిలి డ్రమ్ము లాగండి. లోపలి దుమ్ముని ఊదకండి, గాలి పైపుతో కొట్టకండి. అది ఊపిరితిత్తులకి మంచిది కాదు, తడిగుడ్డతో తుడవండి. పైన షూలని బయటికి నెట్టే వీల్ సిలిండర్ ఉంటుంది, రెండు చివర్లా నల్లటి రబ్బరు తొడుగులతో. సన్నటి స్క్రూ డ్రైవర్‌తో తొడుగు అంచుని మెల్లిగా ఎత్తండి. లోపల పొడిగా ఉన్నా, వేలికి అంటీ అంటనంత తేమ ఉన్నా ఫర్వాలేదు. ఎత్తగానే చుక్క జారితే సిలిండర్ అయిపోయింది. బయటి నుంచి చూస్తే తొడుగు శుభ్రంగానే ఉంటుంది కాబట్టి, ఎత్తకుండా "బాగానే ఉంది" అనేవాళ్ల మాట తీసుకోకండి.

తడిసిన షూలని పెట్రోలుతో కడిగి మళ్లీ పెట్టకండి. షూ మీది లైనర్ ఆయిల్‌ని లోపలికి పీల్చుకుంటుంది, వేడెక్కితే అది బయటికొస్తుంది. రెండు పక్కలా షూలు మార్చాలి.

కనిపించిన తడి బ్రేక్ ఆయిలేనా, వేరేదా అనుమానమా? ఒక చుక్కని గ్లాసు నీళ్లలో వేయండి. బ్రేక్ ఆయిల్ నీళ్లలో కలిసిపోతుంది. ఇంజన్ ఆయిల్, గేరు ఆయిల్ పైన తేలతాయి.

గల్ఫ్‌లో ఉండేవాళ్ల బళ్లు కోనసీమలో చాలావరకు ఏడాదంతా షెడ్డులో ఉండి సంక్రాంతికే బయటికొస్తాయి. కదలకుండా ఉన్న వీల్ సిలిండర్‌లో పిస్టన్ ఆగిన చోట తుప్పు పడుతుంది. మొదటి రోజు గట్టిగా తొక్కగానే రబ్బరు ఆ గరుకు మీద గీసుకుని కారడం మొదలవుతుంది. అలాంటి బండికి పండక్కి వారం ముందే ఈ మెట్టు మొత్తం చేయండి.

7. లీకు లేదు, లెవెల్ తగ్గలేదు, పెడల్ మాత్రం దిగుతోంది

ఇక మాస్టర్ సిలిండరే. లోపలి రబ్బరు కప్పు అరిగి, ఒత్తిడిలో ఉండాల్సిన ఆయిల్ వెనక్కి డబ్బాలోకే జారిపోతోంది. బయట చుక్క పడదు, అందుకే చాలామంది నమ్మరు.

షెడ్డులో దీన్ని రుజువు చేయొచ్చు. పైపులు మాస్టర్ సిలిండర్ నుంచి విప్పి, ఆ రంధ్రాలకి సరిపోయే బోల్టులతో బిగించి మూసి, గాలి తీసి, పెడల్ తొక్కాలి. రాయిలా నిలబడితే మాస్టర్ సిలిండర్ మంచిదే, లోపం అవతల ఉంది. అప్పుడూ దిగితే ఇక అనుమానం లేదు. రబ్బరు పైపుల్ని కటింగ్ ప్లేయర్‌తోనో వైస్ గ్రిప్‌తోనో నొక్కి పరీక్షించే మెకానిక్‌ని ఆపండి. లోపలి పొర చిట్లి, ఆ పైపే తర్వాత తెగుతుంది. దానికి నున్నటి దవడలున్న క్లాంపులు వేరే ఉన్నాయి.

ఏబీఎస్ (గట్టిగా తొక్కినా చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) ఉన్న బళ్లలో, మాస్టర్ సిలిండర్ మంచిదని తేలి, చక్రాల దగ్గరా లీకు లేకపోతే ఏబీఎస్ యూనిట్ లోపలి వాల్వు కూడా పెడల్‌ని దింపగలదు. ఇది అరుదు. దీన్ని చివరికి పెట్టుకోండి.

కిట్టు (లోపలి రబ్బర్లు మాత్రం) వేయించాలా, సిలిండర్ మొత్తం మార్చాలా? నా మాట అయితే మార్చడమే. సిలిండర్ లోపలి గోడకి గుంటలు పడి ఉంటే కొత్త రబ్బరు కొద్ది నెలల్లో అరిగిపోతుంది, మన తేమకి గుంటలు పడని పాత సిలిండర్ తక్కువ. కొత్తది బిగించే ముందు వైస్‌లో పెట్టి ఆయిల్ నింపి, దాని గాలి అక్కడే తీయించండి. ఈ పని మానేస్తే చక్రాల దగ్గర ఎంతసేపు తీసినా పెడల్ గట్టిపడదు.

8. వెనక షూల సందు

హ్యాండ్ బ్రేకు పరీక్షలో పెడల్ పైకొస్తే ఇది చేయండి. డ్రమ్ము తీశాక అడ్జస్టర్ చేత్తో తిరుగుతోందా చూడండి. దానంతట అదే సర్దుకోవాల్సిన అడ్జస్టర్ తుప్పుకి పట్టేస్తే షూలు అరిగే కొద్దీ సందు పెరుగుతూ పోతుంది. శుభ్రం చేసి, వేడిని తట్టుకునే గ్రీజు మరల మీద కొద్దిగా రాసి, డ్రమ్ము పెట్టినప్పుడు చాలా తేలిగ్గా రాసుకునేంత వరకు తెరవండి.

పెడల్ లోతుని హ్యాండ్ బ్రేకు కేబుల్ బిగించి సరిచేసేవాళ్లు ఉన్నారు. అది తప్పు. ముందు షూలు, ఆ తర్వాతే కేబుల్.

గతుకుల రోడ్డు దాటిన వెంటనే మొదటి తొక్కు మాత్రమే లోతుకి వెళ్తుంటే, ముందు చక్రం బేరింగు వదులు చూడండి. డిస్కు ఊగి ప్యాడ్లని వెనక్కి నెడుతుంది.

9. ఘాట్ దిగేటప్పుడే మెత్తబడితే

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 (డాట్ అన్నది బ్రేక్ ఆయిల్ రకం చెప్పే గుర్తు) కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, డాట్ 4 అయితే 230. అదే ఆయిల్‌లో 3.7 శాతం నీరు చేరితే డాట్ 3కి 140, డాట్ 4కి 155 దాకా మాత్రమే హామీ. మరిగితే ఆవిరి బుడగలొస్తాయి. బుడగలు నలుగుతాయి, పెడల్ దిగిపోతుంది.

డెల్టా అంతా చదును. ఇక్కడ ఎన్నేళ్లు తిరిగినా బ్రేకులు అంత వేడెక్కవు, పాత ఆయిల్ సంగతి బయటపడదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగేటప్పుడు మొదటిసారి బయటపడుతుంది. కుటుంబంతో అటు వెళ్లే ముందు ఆయిల్ వయసు చూసుకోండి. చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. మన తేమకి ఆ గడువు దాటించకండి, కిలోమీటర్లు తక్కువైనా సరే.

దారిలో మెత్తబడితే పక్కన ఆపి బాగా చల్లారనివ్వండి, డిస్కుల మీద నీళ్లు పోయకండి. చల్లారాక పెడల్ గట్టిపడినా రెండో గేరులోనే మెల్లిగా దిగి, ఇంటికి రాగానే ఆయిల్ మొత్తం మార్పించండి.

10. గాలి తీయడం

లీకు సరిచేశాకే ఇక్కడికి రావాలి.

డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒకే జాతివి. డాట్ 5 సిలికాన్ ఆయిల్, దాన్ని వీటితో కలపకూడదు. మూత తీసి నెలలైన సీసా వాడకండి.

నిప్పల్ తుప్పు పట్టి ఉంటే ముందు రోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి, అది డిస్కు మీదా ప్యాడ్ల మీదా పడకూడదు. ఓపెన్ స్పానర్‌తో బలవంతం చేస్తే మూలలు పోతాయి, నిప్పల్ విరుగుతుంది.

వరుస సాధారణంగా మాస్టర్ సిలిండర్‌కి దూరమైన చక్రం నుంచి దగ్గరకి. మన కుడి స్టీరింగు బళ్లలో వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. మాన్యువల్‌లో వేరేగా ఉంటే దానిదే తుది మాట.

1. డబ్బాని పై గీత దాకా నింపండి.
2. పెడల్ కింద చెక్క ముక్క పెట్టండి. పాత మాస్టర్ సిలిండర్‌లో రబ్బరు ఎప్పుడూ వెళ్లని అడుగు భాగం గరుకుగా ఉంటుంది. పెడల్‌ని అంతదాకా తొక్కితే మంచి రబ్బరు కూడా చిరుగుతుంది.
3. నిప్పల్‌కి ట్యూబు తొడిగి, రెండో చివర కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో మునిగేలా పెట్టండి.
4. "తొక్కు" అనండి. అతను మెల్లిగా తొక్కి పట్టుకుని "తొక్కాను" అనాలి.
5. నిప్పల్ పావు చుట్టు వదలండి. ఆయిల్, బుడగలు వస్తాయి, పెడల్ దిగుతుంది.
6. నిప్పల్ బిగించండి. బిగించాకే "వదులు" అనండి.
7. బుడగలు ఆగి, లేత రంగు ఆయిల్ వచ్చేదాకా ఇదే చేయండి.
8. కొన్ని తొక్కులకోసారి డబ్బా చూడండి. ఒక్కసారి ఖాళీ అయితే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

4, 6 మెట్లలో మాట తప్పితే గాలి లోపలికి పోతుంది. సైగలతో కాదు, నోటితో చెప్పుకోండి.

తీసిన ఆయిల్‌ని మళ్లీ డబ్బాలో పోయకండి. కాలవలో, మురుగు డ్రెయిన్‌లో అసలు పోయొద్దు, ఆ కాలవ నీళ్లే కింది ఊళ్ల మంచినీటి చెరువుల్లోకి వెళ్తాయి. సీసాకి మూత బిగించి, పేరు రాసి షెడ్డుకి ఇవ్వండి.

11. గాలి తీసినా మెత్తగానే ఉంటే

- కాలిపర్లు అటూ ఇటూ మారాయా? నిప్పల్ పైవైపు ఉండాలి. ఎడమది కుడికి వేస్తే కిందికి వస్తుంది, పైన చేరిన గాలి ఎప్పటికీ బయటికి రాదు. రిపేరు తర్వాతే మొదలైన మెత్తదనానికి ముందు ఇది చూడండి.
- కాలిపర్ పిన్నులు జారుతున్నాయా? పట్టేస్తే కాలిపర్ వంగుతుంది, కాలికి స్పాంజిలా తెలుస్తుంది.
- కొత్త ప్యాడ్లా? డిస్కుకి పూర్తిగా ఆనేదాకా కొద్ది రోజులు కొంచెం మెత్తగా ఉండొచ్చు. రోజురోజుకీ మెరుగవ్వాలి.
- ఏబీఎస్ యూనిట్‌లో గాలి చేరిందా? డబ్బా పూర్తిగా ఖాళీ అయిన బండిలో ఇది జరుగుతుంది. చాలా మోడళ్లలో స్కానర్ పెట్టి యూనిట్ మోటారు తిప్పితే గానీ బయటికి రాదు.
- బూస్టర్ మార్చమంటున్నారా? మెత్తని పెడల్‌కి అది మందు కాదు. బూస్టర్ పోతే పెడల్ గట్టిపడుతుంది.

12. రోడ్డెక్కే ముందు, ఎక్కాక

ప్యాడ్లు గానీ షూలు గానీ మార్చాక మొదటి తొక్కు ఫ్లోరు దాకా పోతుంది. ఇంజన్ స్టార్ట్ చేయకముందే, పెడల్ గట్టిపడేదాకా తొక్కండి. ఇది మర్చిపోయి ఇంటి గోడకి గుద్దినవాళ్లు ఉన్నారు.

- నిప్పల్స్ అన్నీ బిగించి, రబ్బరు మూతలు పెట్టారా?
- చక్రం నట్లు ఎదురెదురుగా బిగించారా?
- డబ్బా లెవెల్ సరిచూసి కొత్త గీత గీశారా?
- ఐదో మెట్టులోని నాలుగు పరీక్షలు మళ్లీ చేశారా?

ఖాళీ రోడ్డులో నడక వేగంలో రెండుసార్లు ఆపండి, తర్వాత 20, ఆ తర్వాత 40 కిలోమీటర్ల వేగంలో. బండి తిన్నగా ఆగాలి, స్టీరింగు ఏ పక్కకీ లాగకూడదు. ఇంటికొచ్చాక ఒక్కో చక్రం దగ్గర చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి వేడి చూడండి. ఒకటి మాత్రమే సెగలు కక్కుతుంటే ఆ బ్రేకు వదలట్లేదు.

రాత్రి చక్రాల లోపల పాత పేపర్లు పరిచి ఉంచండి. పొద్దున్నే పేపర్లు చూసి, లెవెల్ చూసి, ఇంజన్ స్టార్ట్ చేయకముందు ఒకసారి పెడల్ తొక్కండి. వారం తర్వాత మళ్లీ ఇదే చేయండి. రెండుసార్లూ గీత కదలకపోతేనే బండిని పంటు (బళ్లని గోదావరి దాటించే పడవ) ఎక్కించండి. సఖినేటిపల్లి రేవులో ఆ వాలు మీద ముందు బండికీ మీ బండికీ మధ్య మిగిలే సందులో పెడల్‌ని రెండోసారి తొక్కే వ్యవధి ఉండదు.